బాపు ధోతి, నడిమి గేరు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఇంజినీరు అనిపించుకోవడానికి పరీక్ష పాసవాల్సిన పనిలేదు, కాలేజీకి వెళ్లొస్తే చాలు. వరంగల్‌లో మూడేళ్లు మెకానికల్ డిప్లొమా వెలగబెట్టి, చంకలో డ్రాయింగ్ షీట్ల చుట్టతో స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగానో లేదో, మావాళ్లు నన్ను ఇంజినీరును చేసేశారు. మిక్సీ తిరక్కపోతే నన్నే పిలిచేవాళ్లు, బోరు మోటారు కాలినా నన్నే పిలిచేవాళ్లు. ఒకసారైతే పక్కింటివాళ్ల బర్రె పాలివ్వడం మానేస్తే "ఇంజినీర్ను పిలువుండ్రి, జర చూస్తడు" అన్నారు. నేనూ కాదనేవాణ్ణి కాదు. వెళ్లి, నడుము మీద చేతులు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, "లోడ్ ఎక్కువైంది" అని చెప్పి టీ తాగి వచ్చేవాణ్ణి (బర్రె విషయంలోనూ అదే చెప్పాను. ఎవరూ నవ్వలేదు, అదీ నా మీద వాళ్లకున్న గౌరవం). ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు ఇరవై ఏళ్లు, సిగ్గుపడే వయసు ఇంకా రాలేదు.

మీతో కాబట్టి చెబుతున్నాను, నాకొక సబ్జెక్టు మిగిలిపోయింది. అది కూడా ఏ ఇంగ్లిషో లెక్కలో అయితే ఇంత కథ ఉండేది కాదు. గేర్‌బాక్సుల పాఠం ఉన్న సబ్జెక్టు. అందులో రెండు రకాలున్నాయి. మొదటిది స్లైడింగ్ మెష్, అంటే గేరు చక్రమే జరిగి వెళ్లి ఇంకో చక్రం పళ్లలో ఇరుక్కుంటుంది. రెండోది కాన్‌స్టెంట్ మెష్, అంటే... అంటే ఏమిటో నాకు తెలియదు, ఎందుకంటే దాన్ని ఛాయిస్‌లో వదిలేశాను. మొదటిదాన్ని బొమ్మతో సహా బట్టీపట్టాను. పరీక్షలో రెండోది అడిగారు. నేను ధైర్యం కోల్పోకుండా పైన రెండోదాని పేరు రాసి, కింద మొదటిదాని బొమ్మే గీసి, రంగు పెన్సిళ్లతో నింపి, స్కేలుతో అండర్‌లైన్లు కొట్టి వచ్చాను. దిద్దినాయన మోసపోలేదు. పదకొండు మార్కులొచ్చాయి. ఇంట్లో మాత్రం "పరీక్షలన్నీ అయిపోయినయ్ బాపూ" అన్నాను. అందులో అబద్ధం లేదని నన్ను నేను సముదాయించుకున్నాను.

సరిగ్గా అదే ఏడాది బాపుకు ట్రాక్టర్ కొనాలనిపించింది. అందుకు కారణముంది. మా పొలం ఊరికి ఆ చివర. కిరాయి ట్రాక్టర్లవాళ్లు అందరి మళ్లూ దున్ని, అందరి దగ్గరా కల్లు తాగి, చిట్టచివరికి మా దగ్గరికి వచ్చేసరికి నారు ముదిరిపోయేది. ప్రతి ఏడూ బాపు ఒడ్డు మీద నిలబడి రోడ్డు వైపు చూడటమే. ఆ ఏడు "ఇగ ఒగలి కోసం ఎదురుచూసుడు బంద్. పాతదో గీతదో, మన బండి మనకుండాలె" అని ఖరారు చేశాడు. ఘన్‌పూర్‌లో పాత ట్రాక్టర్లు బాగుచేసి అమ్మే ఒక మిస్త్రీ చాచా ఉండేవాడు. బాపుకు పాత దోస్తు. ఆయన షెడ్డులో రెండు బండ్లున్నాయని, రెండూ ఒకే ధరకు ఇస్తానన్నాడని తెలిసింది. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. బాపు నా భుజం మీద చెయ్యేసి, నలుగురిలో, "ఏది కొనాల్నో నా కొడుకు జెప్తడు. నేను నోరు తెరువ" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది, వెంటనే ఆ పదకొండు మార్కులు గుర్తొచ్చాయి.

షెడ్డుకు వెళ్లాం. బాపు తెల్లటి ధోతి, తెల్లటి లాల్చీ, భుజాన తువ్వాల. ధోతి కట్టడంలో మా బాపు చాలా పట్టింపు మనిషి. కుచ్చిళ్లు ముందు బారెడు కిందికి జారి ఉండాలి, ఒక్క మడత కూడా చెదరకూడదు. చాచా గ్రీసు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ రెండు బండ్లనూ చూపించాడు. ఎర్రదాని గేరు రాడ్లు రెండూ సీటుకు ముందు, డ్రైవరు రెండు మోకాళ్ల నడుమ నిలబడి ఉన్నాయి. నీలందానికి ఆ రెండు రాడ్లూ పక్కన, తొడ దగ్గర ఉన్నాయి. "ఎర్రది పాత తరీకా బేటా, బండి ఆపి గేరు మార్చాలె. నీలంది కాన్‌స్టెంట్ మెష్. అల్కగ పడ్తది గేరు" అన్నాడు చాచా. ఆ పేరు వినగానే నాకు పరీక్ష హాలు కళ్లముందు తిరిగింది. వెంటనే నీలందాని మీద నాకు పగ పుట్టింది. "లేదు చాచా, స్లైడింగ్ మెషే బెస్ట్" అని మొదలుపెట్టి, షాఫ్టులు, పళ్లు, నిష్పత్తులు, నాకొచ్చిందంతా, అంటే ఒక ప్రశ్నకు సరిపడా జవాబంతా, అక్కడే నిలబడి అప్పజెప్పాను. చాచా ఓపిగ్గా విని, "మంచిగ జెప్పినవ్ బేటా. ఒక్కసారి మీ బాపును రెండిట్ల మీద ఎక్కి కూసోనియ్యి, జర సోంచాయించు" అన్నాడు. ఇందులో ఆలోచించేదేముందని నేను నవ్వి, "కూసునుడెందుకు చాచా, గేర్‌బాక్స్ లోపలుంటది" అన్నాను. చాచా బాపు వైపు చూశాడు. బాపు, ముందే మాటిచ్చాడు కదా, నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం అమ్మకు కూడా వివరించాల్సి వచ్చింది. మా మేనత్త పంపిన సకినాలు పళ్లెంలో ఉన్నాయి. రెండు సకినాలు తీసి, "ఇది ఒక గేరు, ఇది ఇంకో గేరు. ఇది గిట్ల జరిగి గిట్ల కలుస్తది" అంటూ గట్టిగా కలిపేసరికి ఒకటి ఠప్పున విరిగింది. అమ్మ కంగారుపడి, "ఇరుగుతదారా గేరు?" అంది. "అది ఇనుముతోటి చేస్తరమ్మా" అన్నాను. "మరి సకినం తీస్కొని జెప్పుడెందుకు?" అంటూ విరిగిన గేరును నోట్లో వేసుకుంది. బాపు మాత్రం చివరిదాకా చెవి ఒగ్గి విని, "ఎర్రదే" అన్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. బాపుకు ట్రాక్టర్ నడపడం రాదు. చాచా మూడు రోజులు షెడ్డు వెనక ఖాళీ జాగాలో నేర్పించాడు. అయితే ఎర్రదాని బ్యాటరీ దిగిపోయి ఉండటంతో నేర్పించింది నీలందాని మీద. "ఏదైతేంది, గేరు గేరే" అన్నాను నేను (ఈ మాటను మా ఊళ్లో ఇప్పటికీ వాడుతున్నారు, నన్ను చూసినప్పుడు). శుక్రవారం పొద్దున చాచాయే ఎర్రదాన్ని నడుపుకుంటూ మా ఊరి మొదట్లోకి తెచ్చి దిగాడు. జుమ్మా నమాజు వేళకు ఘన్‌పూర్ చేరాలని బయల్దేరుతూ నన్ను పక్కకు పిలిచి ఇంజన్ ఆపడం గురించి ఏదో చెప్పబోయాడు. "నాకెర్కే చాచా" అని పంపించేశాను. అక్కడి నుంచి ఇంటిదాకా బాపు నడపాలి. నలుగురూ చూస్తుండగా సొంత ట్రాక్టర్ మీద ఇంటిముందు దిగాలన్నది ఆయన కోరిక.

ఇంటిముందు అమ్మ చక్రాల కోసం నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. వాడంతా వచ్చింది. బాపు మొదటి గేరులో, మనిషి నడక కన్నా కొంచెం నిమ్మళంగా, తలెత్తి దర్జాగా వచ్చాడు. నిమ్మకాయలు చక్కగా చితికాయి. చప్పట్లు కొట్టాం. ట్రాక్టర్ ఆగలేదు. ఇల్లు దాటింది. అమ్మ హారతి పళ్లెంతో పక్కనే నడుస్తూ, "ఆగయ్యా, హారతియ్యాలె" అంది. "ఆగుతలేదే" అన్నాడు బాపు, ముందుకే చూస్తూ. అప్పుడు చూశాను. గతుకులకు కుచ్చిళ్లు జారి, మోకాళ్ల నడుమ ఉన్న రెండు గేరు రాడ్లకూ చుట్టుకుని, ఎవరో కావాలని కట్టినట్టు ముడిపడిపోయాయి. రాడ్డు న్యూట్రల్‌లోకి రావాలంటే ధోతి ఊడాలి. ధోతి ఊడాలంటే బాపు లేవాలి. బాపు లేవాలంటే బండి ఆగాలి.

అలా మొదలైంది మా ఊరేగింపు. బాపు క్లచ్ తొక్కితే ఆగుతుంది. కాలు వణికి వదలగానే మళ్లీ బయల్దేరుతుంది. ఆగినప్పుడల్లా జనం చుట్టూ చేరి తలా ఒక మాట, కదిలినప్పుడల్లా పక్కనే నడుస్తూ అవే మాటలు. మా వాడలో ప్రతిదానికీ సలహా చెప్పే ఒక కాక ఉండేవాడు, ఆయన్ని సలహాల కాక అనేవాళ్లం. "ధోతి గుంజు అన్నా!" అన్నాడు. "ఆడోళ్లున్నరు!" అన్నాడు బాపు. "ఇంజన్ బంద్ చెయ్యి!" "ఆపే నాబ్ లేదిక్కడ!" అందరూ నా వైపు తిరిగారు. "ఇంజినీరూ, ఏడుంటదిరా నాబ్?" నేను ట్రాక్టర్ పక్కన ముందుకు పరుగెత్తాను, వెనక్కి పరుగెత్తాను, నడుము మీద చేతులు పెట్టుకున్నాను. నాబ్ విరిగిపోతే చాచా దాని బదులు కింద ఒక తీగ కట్టాడని, పొద్దున నాకు చెప్పబోయింది అదేనని మర్నాడు తెలిసింది. బ్రేకు తొక్కవచ్చన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు, సలహాల కాకకు కూడా (బ్రేకుల పాఠంలో నేను పాసయ్యాను. మంచి మార్కులే).

"హారతన్న తీస్కో, ఎటు వోతె అటే పోదువు గని" అని అమ్మ నడుస్తూనే హారతి ఇచ్చింది. బాపు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో కళ్లకద్దుకున్నాడు. ట్రాక్టర్ అలాగే వాడ దాటి, మలుపు తిరక్కుండా తిన్నగా వెళ్లి, సలహాల కాక పెంటకుప్పలోకి ముందు చక్రాలు దించి, రెండుసార్లు దగ్గి, తనంతట తానే ఆగిపోయింది. బాపు లేచి నిలబడ్డాడు. ధోతి లేవలేదు. చారల నిక్కరు, తెల్ల లాల్చీ, భుజాన తువ్వాలతో ఎంతో హుందాగా దిగి, ధోతిని బండికే వదిలేసి, ఎవరి వంకా చూడకుండా ఇంటికి నడిచాడు. ఆ నడకను నేను చచ్చేదాకా మరచిపోను.

మర్నాటికల్లా నా పేరు "నడిమి గేరు ఇంజినీరు" అయింది. మిక్సీల పిలుపులు ఆగిపోయాయి. అమ్మ అన్నం పెడుతూ ఒకే ఒక్కమాట అంది. "గన్ని గేర్లు జదివినవ్ గదరా, మీ బాపు ధోతి గడ్తడని యాది రాలేదా?" ఆ సంగతి ఏ పాఠంలోనూ లేదు. చాచాకు తెలిసి ఆయనే వచ్చాడు. "ఫికర్ చెయ్యకన్నా, ఎర్రది వాపస్ తీస్కొని నీలంది ఇస్త. గేరు పక్కకుంటది, ధోతికి తక్లీఫ్ ఉండది" అన్నాడు. ఊరంతా అదే మంచిదంది. కానీ వాపసు ఇస్తే నేను చెప్పింది తప్పని, నా చదువు ఉత్తదని ఊరు ఖాయం చేసుకుంటుంది. నాకది ఎంత భయమో బాపుకు తెలుసు. నా ముఖం వంక చూసి, "రెండు రోజులు ఆగు మిస్త్రీ" అన్నాడు. ధోతి మోకాళ్లపైకి ఎగగట్టమన్నాడు కాక. బాపు ఒప్పుకోలేదు. లుంగీ కట్టుకో అంది అమ్మ. "లుంగీ కట్టుకొని ఇల్లు దాటనే" అన్నాడు.

మూడోరోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా హనుమకొండ బస్సెక్కాడు. మధ్యాహ్నం చేతిలో కాగితం సంచితో వచ్చి, గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అరగంటైనా రాలేదు. అమ్మ తలుపు తట్టి, "ఏంజేస్తానవ్?" అంటే, "ఆగవే, ఈ జిప్పు మీద నాకు భరోస లేదు" అని లోపలి నుంచి వినిపించింది. తలుపు తెరుచుకుంది. యాభై ఏళ్ల జీవితంలో ధోతి తప్ప ఎరగని మా బాపు బిస్కెట్ రంగు ప్యాంటులో నిలబడి ఉన్నాడు. దుకాణంవాడు సైజు అడిగితే "ట్రాక్టర్ మీద కూసునే సైజు" అన్నాడట. నడుము దగ్గర వదులై పగ్గంతో కట్టుకున్నాడు, కింద పొడవై రెండు మడతలు పెట్టాడు. ముళ్లలో నడుస్తున్నట్టు కాళ్లు ఎడంగా వేస్తూ వాకిట్లోకి వచ్చాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. బాపు ఆ వేషంతోనే బస్టాండు దగ్గర హోటలుకు వెళ్లి, ఊరి మగవాళ్లంతా ఉండగా టీ చెప్పి, అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. "మావోడు సోంచాయించే జెప్పిండు. బండి మంచిదే. తప్పు గేరుది గాదు, ధోతిది."

నేను హోటలు బయట గోడ పక్కన నిలబడి ఆ మాట విన్నాను. ఎవరో నవ్వారు, బాపు నవ్వలేదు. అప్పటిదాకా నాకు ఊరి నవ్వులంటేనే బాధ. ఆ రోజు నుంచి బాపు ప్యాంటు చూస్తే ఏడుపొచ్చేది. కింద కూర్చుని అన్నం తినలేక గోడకు ఆనుకుని నిలబడి తినేవాడు. పొలంలో బురద చిమ్మి ప్యాంటు బరువెక్కి జారుతుంటే ఒక చేత్తో పైకి లాక్కుంటూ, ఒక చేత్తో స్టీరింగు తిప్పేవాడు. నేను చదవని పాఠం కోసం ఈయన ఇంత పడుతున్నాడు. ఇక లాభం లేదు, చెప్పేయాలి.

మా మడిలో దమ్ము చేస్తున్న రోజు. అవతలి మడిలో పదిహేనుమంది ఆడవాళ్లు నాటు వేస్తున్నారు. బాపు ఇనుప చక్రాల ట్రాక్టర్ మీద గిరగిరా తిరుగుతున్నాడు. నేను ఒడ్డు మీద నిలబడి, గుండె చిక్కబట్టుకుని, "బాపూ, నేను గేర్ల సబ్జెక్టుల ఫెయిలైన" అన్నాను. బాపు చెయ్యి చెవి దగ్గర పెట్టి "ఆఁ?" అన్నాడు. ఇంజన్ మోత. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఆఁ?" అన్నాడు మళ్లీ, ఇంకో చుట్టు తిరిగి వస్తూ. నాటు వేసేవాళ్లలో ఒకామె నడుము ఎత్తి, "మామా, నీ కొడుకు ఫెయిలైండటా!" అని సాయం పట్టింది. ఇంకో ఇద్దరు అందుకున్నారు. బాపుకు ఏదీ వినబడక, విసుగొచ్చి, వంగి తీగ లాగి ఇంజన్ ఆపాడు. సరిగ్గా ఆ క్షణానే నేను నా బలమంతా కూడగట్టి అరిచాను. "గేర్లల్ల... ఫెయిలైనా బాపూ!"

ఆ మాట చెరువు కట్ట దాకా వెళ్లి ఉంటుంది. నాట్లు ఆగిపోయాయి. బాపు తువ్వాలతో ముఖం మీది బురద తుడుచుకున్నాడు. "ఎన్నొచ్చినయ్?" అన్నాడు. "పదకొండు." "మరి ఎర్రది మంచిదని ఎట్ల జెప్పినవ్?" "నాకు అదొక్కటే వచ్చు బాపూ. రెండోది చదువలే." ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక మళ్లీ వంగి నాటు మొదలుపెట్టారు, వాళ్ల వీపులు ఊగుతున్నాయి. బాపు బురదతో తడిసి బండరాయిలా అయిన తన ప్యాంటు వంక ఒకసారి చూసుకున్నాడు. "ఫెయిలైతె ఫెయిలైనవ్ తియ్యి. ముందుగాల్నే నాకు జెప్తె నీలందే తెచ్చుకునేటోళ్లం గదరా. నేను గీ యేషమెందుకేస్తుంటి?" అన్నాడు. ఏడ్చేశాను, ఒడ్డు మీద అలాగే నిలబడి. "ఏడుపెందుకురా, పరీక్ష మళ్లెప్పుడు?" "దీపావళి ఎన్కకు." బాపు సీట్లోంచి దిగాడు. "అయితె అప్పటిదాంక నువ్వెక్కు. గేరేందో చేతులకు తెలుస్తది. నాకైతె గీ ప్యాంటుల ఉక్కకు పానం పోతాంది."

మర్నాడు బాపు తెల్ల ధోతి, బారెడు కుచ్చిళ్లతో ఒడ్డు మీద గొడుగేసుకుని కూర్చున్నాడు. నేను ట్రాక్టర్ మీద, అదే బిస్కెట్ రంగు ప్యాంటులో (నాకూ వదులే). దీపావళి వెళ్లాక పరీక్ష రాశాను. రెండు పాఠాలూ చదివి రాశాను. పాసయ్యాను, గట్టెక్కించే మార్కులతోనే.

బాపు పోయి ఆరేళ్లయింది. పోయినేడు కారు కొందామనుకున్నప్పుడు, బీటెక్ చదువుతున్న మా అమ్మాయి నన్ను సోఫాలో కూర్చోబెట్టి, మామూలు గేర్ల కారు వద్దని, ఆటోమేటిక్ అయితేనే కొనాలని అరగంట పాఠం చెప్పింది. మధ్యలో ఒక చిన్న ప్రశ్న అడిగాను. అది తడబడి, మెడ గోక్కుని, నాకు బాగా తెలిసిన గొంతుతో, "అదంతా లోపల ఉంటది నాన్నా, నీకెందుకు" అంది. నేను నోరు తెరవలేదు. ఆటోమేటిక్కే కొన్నాను. గేర్ల బండ్ల మీద ఇరవై ఏళ్ల అలవాటు, ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా నా ఎడమ కాలు లేని క్లచ్‌ను గట్టిగా తొక్కబోతుంది, మోకాలు పట్టేస్తుంది. ఇంటికొచ్చి ఎవరూ చూడకుండా జండూబామ్ రాసుకుంటాను. "ఎట్లుంది నాన్నా కారు, నేను జెప్పలే?" అంటుంది మా అమ్మాయి. "మస్తుంది బిడ్డా" అంటాను.